బూజు పట్టిన రాగులు

అక్క వాళ్ల బాబుకి రాగిమాల్ట్ కోసం మొలకకట్టిన మూటలో తెల్లగా బూజు కనిపించింది. "కడిగి వేయించేద్దాం, వేడికి అన్నీ చచ్చిపోతాయి" అన్నాను. అమ్మమ్మ వినలేదు, మొత్తం పెంటకుప్ప మీద పారబోసింది. రెండు కిలోలు! నాకు ఒళ్లుమండింది.

తర్వాత చదివాను. బీరు కోసం బార్లీని మొలకెత్తించడమూ ఇదే పని. గింజకి ఫ్యూజేరియం బూజు ఉంటే, నానబెట్టినప్పుడు విషం కొంత నీళ్లతో పోయినా, మొలకెత్తే తడిలో బూజు మళ్లీ పెరుగుతుంది. వేడికి బూజు చస్తుంది గానీ, అది వదిలిన డీఆక్సీనివలెనాల్ అంత తేలిగ్గా పోదు, బీరు దాకా వస్తుంది. బూజు తయారుచేసే హైడ్రోఫోబిన్ అనే ప్రోటీన్ వల్లయితే మూత తీయగానే సీసా పొంగిపోతుంది. (మా హాస్టల్లో దీన్ని లోపం అనరేమో!) 1993లో అమెరికాలో రెడ్ రివర్ లోయ బార్లీ రైతులు ఈ తెగులుకే దెబ్బతిన్నారు.

రాగిజావ అలా పొంగి మనకి చెప్పదు కదా. అమ్మమ్మకి ఫోన్ చేసి సారీ చెప్పా. "గుడ్డలో తడి ఎక్కువైందిరా, తప్పు నాదే" అంది.