తవ్విన రాయి, కట్టిన ఊరు: సోమ్యూర్

ఫ్రాన్సులోని సోమ్యూర్ గురించి ఏ పర్యాటక పుస్తకం తెరిచినా మూడు మాటలు కనిపిస్తాయి: కోట, గుర్రాలు, వైన్. మూడూ నిజమే. కానీ వాటిని విడివిడిగా చూసి వచ్చినవారు ఊరిని చూసినట్టు కాదని నా అభిప్రాయం. పారిస్‌కు నైరుతిగా, లువార్ నది ఒడ్డున, తూర్, ఆంజే నగరాల మధ్య ఉన్న ఈ చిన్న పట్టణం తుఫో అనే తెల్లని సున్నపురాయి మీద బతికింది. కోటగోడలు, చర్చిలు, నదికి ఎదురుగా బారులు తీరిన మేడలు అన్నీ గుట్టల కడుపులోంచి వచ్చినవే. ఆ రాయి తీయగా మిగిలిన బోలులోనే వైన్ నిలవున్నది, పుట్టగొడుగు పెరిగింది, మనిషి కాపురం పెట్టాడు. అందుకే సోమ్యూర్‌ను కోట బురుజు మీదనుంచి కాక, గుట్ట లోపలినుంచి చూడటం మొదలుపెట్టాలంటాను.

దాదాపు 9 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద, ఇసుక, అభ్రకపు రేణువులు కలిసి తుఫో అయ్యాయి. ఈ రాతిలో దాదాపు సగం గుల్ల. గనిలోంచి తీసిన కొత్తలో రంపానికి కూడా లొంగుతుంది, ఉలి పట్టినవాడు కోరిన ఆకు, తీగ, ముఖం ఇస్తుంది. పైగా తేలిక. బల్లపరుపు పడవల్లో నదిమీద నాంత్ దాకా వెళ్లింది. సోమ్యూర్‌కు 15 కిలోమీటర్ల దూరంలో, 1101లో మొదలైన ఫోంతెవ్రో మఠంలో ఈ రాయి పనితనం చూడాలి. ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ, రాణి ఎలియనోర్, వాళ్ల కొడుకు రిచర్డ్ అక్కడ తుఫోలో చెక్కిన ప్రతిమలుగా పడుకుని ఉన్నారు. ఎలియనోర్ చేతిలో తెరిచిన పుస్తకం ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి ఒక రాణిని చదువుతున్నట్టు చెక్కాలనుకున్నాడు, మెత్తని రాయి అందుకు ఒప్పుకుంది. అక్కడి నాలుగో ప్రతిమ, వాళ్ల కోడలు ఇసబెల్‌ది, కొయ్యతో చేసింది. పక్కపక్కనే చూస్తే రాతికీ కొయ్యకూ తేడా తెలుస్తుంది.

ఇక బోలు సంగతి. ఎండాకాలమైనా చలికాలమైనా ఈ సొరంగాల్లో వేడిమి 12 డిగ్రీలకు అటూఇటూగా నిలకడగా ఉంటుంది. పట్టణానికి ఆనుకుని ఉన్న సెంట్-ఇలేర్-సెంట్-ఫ్లోరాన్‌లో 1811లో అకర్మన్ సంస్థ మొదలవడానికీ, నురగలెత్తే వైన్ అక్కడ స్థిరపడటానికీ ఈ గుణం బాగా కలిసొచ్చింది. ఆ వైన్ సీసాలోనే రెండోసారి పులియాలి. నెలల తరబడి కదలకుండా, చల్లగా, చీకట్లో పడుకోవాలి. అంత చోటు కొత్తగా కట్టాలంటే ఎంత ఖర్చో ఊహించండి; ఇక్కడ రాళ్లు కొట్టేవారు అప్పటికే తవ్విపెట్టి వెళ్లారు. అక్కడే ఉన్న బూవే-లాద్యుబే సంస్థ 2006 నుంచి 2015 దాకా బెంగళూరుకు చెందిన మద్యం వ్యాపార సమూహం చేతిలో ఉండి, మళ్లీ పాత కుటుంబానికే చేరింది. పారిస్ పేరుతో చలామణీ అయ్యే తెల్ల పుట్టగొడుగులు కూడా ఈ పాత గనుల్లోకి తరలివచ్చి పెరిగాయి. తూర్కాన్ లాంటి ఊళ్లలో కొండనే తొలిచి ఇళ్లు చేసుకున్నారు. గుహల్లోని భోజనశాలల్లో కట్టెల పొయ్యిలో కాల్చిన ఫువే అనే చిన్న రొట్టెలు పొంగి వేడివేడిగా వస్తాయి. గుట్టపైన ద్రాక్షతోటలదీ ఇదే కథ. వాన నీటిని తుఫో పీల్చుకుని, ఎండల్లో వేళ్లకు మెల్లగా అందిస్తుంది. సోమ్యూర్-షాంపిన్యీ ఎర్ర వైన్‌కు ఆధారమైన కాబెర్నే ఫ్రాన్ ద్రాక్ష ఈ నేలలో హాయిగా ఉంటుంది.

ఊరిని నిలబెట్టింది రాయి కాదు, నది అనేవారున్నారు. తేలిగ్గా తీసెయ్యదగ్గ మాట కాదది. పడవ లేకపోతే రాయి గనిలోనే ఉండేది; 17వ శతాబ్దంలో ఇక్కడి తెల్ల వైన్‌ను కొన్న డచ్చి వర్తకులకూ లువారే దారి. కానీ అదే నది ఒడ్డున ఇంకెన్నో ఊళ్లున్నాయి, వాటన్నిటికీ ఈ సొరంగాలు లేవు. నది దారి ఇచ్చింది, ఆ దారిన పంపడానికి సరుకునిచ్చింది గుట్ట. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఒకప్పుడు యూరప్ విద్యార్థులను రప్పించిన ప్రొటెస్టెంట్ విద్యాపీఠం, నేటికీ పేరున్న అశ్వవిద్య రాతిలోంచి పుట్టలేదు కదా అంటారు. ఒప్పుకుంటాను. విద్యాపీఠం గవర్నరు ద్యుప్లెసీ-మోర్నే చలవ, 1685లో రాజాజ్ఞతో మూతపడింది. 2011లో యునెస్కో గుర్తింపు పొందిన ఫ్రెంచి స్వారీ సంప్రదాయానికి ఇక్కడి కాద్ర్ నువార్ అనే స్వారీ బృందం ప్రసిద్ధి. దాని మూలం సైన్యం. అయితే ఈ రెండింటినీ ఇచ్చిన అధికారమే ఒకదాన్ని తీసేసుకుంది. రాయినీ తోటనూ ఏ రాజాజ్ఞా తరలించలేకపోయింది. బెర్రీ ప్రభువు ప్రార్థన పుస్తకంలో సెప్టెంబరు నెల చిత్రం చూడండి: వెనక తెల్లగా మెరిసే సోమ్యూర్ కోట, దాని పాదాల దగ్గర ద్రాక్ష కోతలు. 15వ శతాబ్దపు చిత్రకారులు పట్టుకున్న ఆ జంట నేటికీ విడిపోలేదు.

మెత్తని రాయికి మెత్తనిదనమే శత్రువు. తుఫో తేమకు పొరలు పొరలుగా రాలుతుంది, పొగకు నల్లబడుతుంది. 2001లో కోట ప్రాకారంలో ఒక భాగం కూలిపోయింది. మరమ్మతులకు ఏళ్లు పట్టాయి. చూడ్డానికి అందంగా ఉందని గోడల మీద చేతులు వేసే సందర్శకులు ఇది గుర్తుంచుకోవాలి. ముట్టుకుంటే నిజంగానే పొడి రాలుతుంది. వైన్ తాగనివారు ఆ గుహలతో మనకేం పని అనుకోవద్దు. అక్కడ రుచి చూడటం ఐచ్ఛికం, చూడాల్సింది గోడల మీది పనిముట్ల గాట్లు. ఉదయం గుహలు, మధ్యాహ్నం ఫోంతెవ్రో, పొద్దుగూకేవేళ నది అవతలి ఒడ్డునుంచి కోట, ఈ వరసలో చూడండి. జూలైలో వెళ్లినా సరే, సంచిలో ఒక స్వెట్టర్ పెట్టుకోండి.