మా నాయిన కోసిన గాస్కెట్

పాత బండ్లకు ఇప్పుడు మంచి రోజులొచ్చాయి. రాజ్‌దూత్, యెజ్దీ, ఆర్‌ఎక్స్ 100. ఒకప్పుడు తుక్కు దుకాణంలో కిలోల లెక్కన తూకమేసిన బండ్ల కోసం ఇప్పుడు హైదరాబాదు నుంచి కార్లేసుకొని ఊర్లకు వస్తున్నారు. కొంటారు, విప్పుతారు, రంగులేయిస్తారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. "మా తాతకు ఇదే ఉండె" అంటారు. తాతలు తాగిన నేతులకు మనుమలు మూతులు వాసన చూపెట్టుకోవడం ఈ దేశంలో పాత సంగతే.

నేనూ పాత బండ్లు కొంటాను. రిటైరైన తర్వాత ఇదే పని. ఇంటి ముందు రేకుల కింద ఇప్పటికి మూడున్నాయి. మూడూ టూ స్ట్రోకు బండ్లే. కానీ మా తాతకు బండి లేదు. మా నాయిన బండి కడిగినోడు.

ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు రీస్టోరేషన్. మునుపటి స్థితికి తేవడమట. మునుపటి స్థితి అంటే మాదిగోనికి ఏమిటో మీకు నేను చెప్పే పనిలేదు.

మా ఊరు జనగామ అవతల. నాయిన మోటలకు తొండాలు కుట్టేటోడు. ఇనుప బొక్కెన కింద తోలు తొండం. బొక్కెన బావిలోంచి పైకొస్తే ఆ తొండంలోంచే నీళ్లు కాలువలోకి దూకుతాయి. కుట్టు సరిగా లేకుంటే నీళ్లు దారిలోనే కారిపోతాయి, ఎడ్ల కష్టం బావిపాలు. నాయిన కుట్టిన తొండం చుక్క కారేది కాదని చుట్టుపక్కల నాలుగూర్లకు పేరు. తరువాత కరెంటు మోటర్లు వచ్చాయి. తొండం అడిగినోడు లేడు. ఆరె, రంపె చూరులో చెక్కి నాయిన పటేలు దగ్గర జీతం కుదిరాడు.

1974లో పటేలు రాజ్‌దూత్ కొన్నాడు. ఊర్లో మొదటి మోటరు సైకిలు. నాయిన దాన్ని రోజూ కడగాలె. నీళ్లు అమ్మ మోసేది. దారిలో బండి ఆగిపోతే పటేలు పైన కూచొని హ్యాండిల్ పట్టుకునేటోడు, నాయిన వెనక నుంచి నెట్టేటోడు. ఒక ఎండాకాలం సీటు రెగ్జిన్ చినిగింది. నాయినే చూరులోంచి ఆరె తీసి, మైనం పట్టించిన దారంతో తోలు మాటు వేశాడు. దానికి పైసా ముట్టలేదు, జీతగాడు చేసిన పనికి వేరే కూలేంది? నాయిన కుట్టిన తోలు మీద పటేలు కూచుంటే అంటు లేదు. ఆ సీటు మీద నాయిన కూచుంటే అంటు.

నేను బడి సెలవుల్లో జనగామలో ఒక షెడ్డుకు పోయేవాణ్ణి. ఉస్తాద్ తురకాయన. పానాలు, పేచ్‌కస్‌లు కడిగిచ్చి పని నేర్చుకున్నాను. ఆయన తినే పళ్లెంలోనే నాకూ పెట్టాడు. అంతకు ముందు మా వాడ బయట ఎవరింట్లోనూ నేను పళ్లెంలో తినలేదు.

టూ స్ట్రోకు ఇంజను బీదోని బడి అని నేనంటాను. ఫోర్ స్ట్రోకులో వాల్వులు, క్యాములు, వాటి లెక్కలు ఉంటాయి. దీంట్లో అవేవీ లేవు. పిస్టనే పైకీ కిందికీ ఆడుతూ బోరుకున్న కిటికీలను తెరుస్తుంది, మూస్తుంది. నాలుగు పానాలుంటే చెట్టు కింద గోనెసంచి పరిచి ఇంజనంతా విప్పొచ్చు. ఇంగ్లీషు రాని పిల్లలు, బడి మానేసిన పిల్లలు వేలమంది దీని మీదనే మెకానిక్కులయ్యారు.

అయితే ఒక్క షరతు. గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన ఆవిరి ముందు కింది క్రాంక్‌కేసులోకి వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు అక్కడ నొక్కుకొని, తరువాత పక్క దారుల్లోంచి పైకెక్కుతుంది. అందుకని క్రాంక్‌కేసుకు సూదిమొనంత సందు ఉండొద్దు. సందుంటే బయటి గాలిని గుంజుకుంటుంది, పెట్రోలు పాలు తగ్గుతుంది, వేడెక్కి పిస్టన్ బోరుకు పట్టేస్తుంది. ఇది నేను ఐటీఐలో రెండేండ్లు చదివితే ఒంటబట్టింది. నాయినకు చెప్పితే ఒక్క నిమిషంలో అర్థమైంది. "అంటే తొండమే గదరా" అన్నాడు.

ఆ తర్వాత మా గాస్కెట్లన్నీ నాయినే కోశాడు. మేం మందపు కాగితం కేసు మీద పెట్టి, అంచుల వెంట సుత్తెతో కొట్టి తీసేవాళ్లం. నాయిన కాగితాన్ని ఒక్కసారి అదిమి అచ్చు తీసుకొని, రంపెతో ఒక్క గీతలో కోసేటోడు. బోల్టు రంధ్రం దగ్గర కూడా చెయ్యి ఆగేది కాదు. ఉస్తాద్ ఒకనాడు ఆ గాస్కెట్‌ను వెలుగుకు పట్టి చూసి, "కంపెనీలో కూడా ఇట్ల రాదు" అన్నాడు. మా నాయిన పనిని పని అన్న మొదటి మనిషి ఆయన. ఇంజనీరింగు చరిత్రలు రాసేవాళ్లు మోటను రాస్తారు, ఎడ్లను రాస్తారు, తొండం కుట్టినోన్ని రాయరు.

ఐటీఐ సీటూ రిజర్వేషనే, డిపోలో నౌకరీ కూడా రిజర్వేషనే. దాచుకొని చెప్పే సంగతి కాదది. 1991లో 4 వేలు పెట్టి ఒక పాత యెజ్దీ కొన్నాను. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసిన బండి, 250 సీసీ. ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే రాడే, స్టార్టయినంక గేరు రాడవుతుంది. దానికి రింగులేసి, పాయింట్లు రుద్ది, నెల రోజుల్లో నిలబెట్టాను. ఆగస్టు 6న చుండూరు జరిగిన సంవత్సరమది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలై మనుషుల ప్రాణాలు తీసేదాకా పోయింది. ఆ దసరాకే నేను బండి మీద మా ఊరికి పోయాను. పటేండ్ల బజారులో దిగి నడిపించుకొని పొమ్మన్నారు. నేను దిగలేదు. పొద్దుగాల చూస్తే ట్యాంకులో ఇసుక. చీకట్లో ఎవరు పోశారో ఎవరూ చెప్పలేదు. కొంత అప్పటికే కార్బురేటరు దాటి కిందికి పోయింది. బోరు నిలువునా గీతలు పడింది. లేతు దగ్గర బోరింగు చేయించి పెద్ద సైజు పిస్టన్ వేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఈ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ బండ్లు ఒక్కొక్కటే పోయాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది, అదే ఏడు ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. పొగ మీద నిబంధనలు బిగిశాయి. పొగ మంచిదని నేననను, ముప్ఫై ఏండ్లు పీల్చిన ఊపిరితిత్తులు నావి. జావా పేరు 2018లో, యెజ్దీ పేరు 2022లో తిరిగొచ్చాయి గాని అవి ఫోర్ స్ట్రోకులు.

మూడేండ్ల కింద పటేలు మనుమడు అమెరికా నుంచి వచ్చి కొట్టం ఖాళీ చేస్తుంటే ఆ రాజ్‌దూత్ బయటపడింది. 18 వేలకు నేనే కొన్నాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసి ఆర్‌సీ పుస్తకంతో సరిచూశాను. కిక్కు చేత్తో నొక్కి కంప్రెషన్ చూశాను, క్రాంకు ఆట చూశాను. ట్యాంకు నిండా తుప్పు. చింతపండు పులుసు పోసి, గుప్పెడు నట్లు వేసి గిలకొట్టి కడిగాను. ఇప్పటి పెట్రోలుతో జాగ్రత్త కావాలె, నూటికి 20 పాళ్లు ఇథనాలే. నీళ్లను గుంజుకుంటుంది, పాత రబ్బర్లను తింటుంది. నడపని రోజుల్లో ట్యాంకు వట్టిగా ఉంచాల్సిందే.

బండి ఇంటికి తెచ్చిన నాడు అమ్మ అన్నం తినలేదు. "గీ బొంద బండిని నా వాకిట్లకు తెచ్చినవా? దాన్ని జూస్తే నీ నాయిన వంగిన నడుమే కండ్లవడ్తది" అన్నది. నాయిన 1998లో పోయాడు. అమ్మకు జవాబు నా దగ్గర లేదు.

రంగు గీకుతుంటే ట్యాంకు మీద మూడో పొర కింద పసుపు అక్షరాలు తేలాయి. ఇంటిపేరు, పేరు, చివర పటేలు. పాత బండ్లు జమచేసే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి చూసి, "సర్, ఆ పేరు తీయకండి, బండికి వాల్యూ అదే" అన్నాడు. 2021 జూలైలో కేంద్రం నియమం చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండి వింటేజ్ కింద లెక్క, వీఏ అక్షరాలతో వేరే నంబరు. ఈ బండికి 50 నిండాయి. ఆయన పోయినంక ఎమ్రి కాగితం నీళ్లలో తడిపి ఆ పేరు మొత్తం రుద్దేశాను. కింద తెల్లటి రేకు తేలింది.

సీటు విప్పినప్పుడు పై రెగ్జిన్ కింద పాత రెగ్జిన్, దాని మీద నాయిన వేసిన తోలు మాటు. మైనం దారం యాభై ఏండ్లకు కూడా తెగలేదు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం వడ్లగింజంత. అమ్మను పిలిచి చూపెట్టాను. వేలు పెట్టి కుట్టు వెంట పోనిచ్చింది. ఏమీ అనలేదు.

పోయిన నెల ఆయన మళ్లీ వచ్చాడు. పేరు పోయినందుకు చాలాసేపు బాధపడ్డాడు. సీటు చూసి మాత్రం ముఖం వెలిగింది. ఇంత పాత చేతికుట్టు ఎక్కడా చూడలేదన్నాడు. ఎవరు కుట్టారో తెలుసా అని అడిగాడు. మా నాయిన అన్నాను. ఆ మాటకు ఇంకో 5 వేలు పెంచాడు.

అమ్మ అరుగు మీద కూచొని అంతా విన్నది. "బండి అమ్ముకో. సీటు ఇప్పి నాకియ్యి" అన్నది.

సీటు పోతే బండి ఒరిజినల్ కాదు, తనకొద్దు అన్నాడాయన. బేరం అక్కడ ఆగింది. క్రాంకు ఎడమపక్క ఆయిల్ సీలు ఇంకా దొరకలేదు. పుత్లిబౌలిలో అడిగాను, లేదన్నారు. వచ్చే గురువారం జుమ్మెరాత్ బజారుకు పోయి చూడాలె.