గుర్రాలు సరే, గిట్టల మాటేమిటి?

డాలస్‌కు ఉత్తరాన, లూయిస్‌విల్ దాటాక హైవే పక్కన రేకుల షెడ్ల వరస ఒకటి ఉంది. టైల్స్ అమ్మేవాళ్లు, ఏసీ రిపేరు వాళ్లు, వాళ్ల మధ్య ఒక ట్యూనింగ్ షాపు. లోపల రెండు లిఫ్టులు, గోడ పొడవునా వేలాడదీసిన పానాలు, వెనక గదిలో కారు బలం కొలిచే డైనో యంత్రం. యజమాని అరవై దాటిన టెక్సాస్ మనిషి. నా మేనల్లుడు తన కారు చూపించడానికి వెళ్తుంటే నేనూ ఎక్కి కూర్చున్నాను. వాడిది 2018 మస్టాంగ్ జీటీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఫ్రిస్కోలో ఇల్లు, ఇర్వింగ్‌లో ఆఫీసు. వానైనా ఎండైనా రోజూ ఆ కారే. జేబులో 2,500 డాలర్లు పెట్టుకుని, వాటితో ఇంకో వంద హార్స్‌పవర్ ఎక్కించాలని వాడి ముచ్చట.

మస్టాంగ్‌లో ఆఫీసుకు వెళ్లడమంటే హైదరాబాద్‌లో వినేవాళ్లకు విడ్డూరం. 2016లో ఫోర్డ్ మన దేశంలో దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు ఢిల్లీ ధర సుమారు 65 లక్షలు. అమెరికాలో అది కాస్త జీతం వచ్చే కుర్రాడి కారు. కండల కార్లు (మజిల్ కార్లు) అనే ఈ రకం పుట్టుకే అది. 1964లో పాంటియాక్ కంపెనీ మధ్యరకం సైజు కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8 ఇంజిన్ దించి జీటీఓ అని పేరు పెట్టింది. తక్కువ డబ్బుకు ఎక్కువ వేగం అనే బేరాన్ని అమెరికా కుర్రకారుకు అలవాటు చేసింది అదే. అయితే ఆ బేరంలో ఒక మెలిక ఉంది. ఆ ఏడాది జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఉరకడానికి అంత ఇంజిన్ ఇచ్చి, ఆగడం సంగతి నడిపేవాడికే వదిలేశారు.

ఇవాళ్టి కండల కార్లకు బ్రేకులు బాగానే ఉంటాయి. ఆ పాత బుద్ధి మాత్రం కొనేవాళ్లలో మిగిలింది. షాపు యజమాని బానెట్ ఎత్తమంటాడని మావాడు ఎదురుచూస్తుంటే, ఆయన వెళ్లి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. టైరు పక్క గోడ మీద తుడిచి చూశాడు. వెనకవి ఒక కంపెనీవి, ముందువి ఇంకో కంపెనీవి, అందులోనూ చవక రకం. వెనక టైరు మీద అచ్చైన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 3518. అంటే 2018లో 35వ వారంలో తయారైన టైరు. టైరు గీతలు ఇంకా అరగలేదు గానీ రబ్బరు గట్టిపడి, సన్నటి పగుళ్లు పట్టింది.

“460 హార్స్‌పవర్ ఇప్పటికే ఉంది కదా, దాంట్లో రోడ్డుకు చేరుతున్నదెంత?” అన్నాడాయన.

మావాడికి అర్థం కాలేదు. డైనో మీదకు ఎక్కించి చూపించాడు. కారును బెల్టులతో నేలకు బిగించి, వెనక చక్రాలను రోలర్ల మీద నిలిపి, ముందు మనిషంత ఫ్యాను పెట్టి గేరులో గట్టిగా తొక్కారు. ఆ రేకుల షెడ్డు మొత్తం వణికింది. తెర మీద వచ్చింది 390 చిల్లర. మావాడి ముఖం వాడిపోయింది. నిజానికి బాధపడాల్సిందేమీ లేదు. కంపెనీ చెప్పే 460 ఇంజిన్ దగ్గర కొలిచింది. గేర్‌బాక్సు, వెనక యాక్సిలు దాటి చక్రం దాకా వచ్చేసరికి సుమారు 15 శాతం రాపిడిలో పోతుంది. గ్రాఫులో టార్క్ గీత, హార్స్‌పవర్ గీత 5,252 ఆర్‌పీఎం దగ్గర ఒకదాన్నొకటి దాటాయి. పౌండ్-అడుగుల లెక్కలో, అంత ఆర్‌పీఎం దాకా తిరిగే ఏ కారుకైనా అక్కడే దాటుతాయి, ఎందుకంటే హార్స్‌పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5,252తో భాగించిన అంకె. డైనో నడిపే కుర్రాడు చెప్పిన ఈ సంగతి నాకు బాగా నచ్చింది. కంపెనీల ప్రకటనలు అంత మోగించే హార్స్‌పవర్ విడిగా కొలిచేది కాదు, గుణకారంలో పుట్టేది.

ఆ తర్వాత కొట్టు బయట నీడలో నిలబడి మావాడి కోరికల చిట్టా మీద పంచాయతీ మొదలైంది. మొదటిది కోల్డ్ ఎయిర్ ఇంటేక్, 400 డాలర్లు. పేరులో చల్లదనం ఉంది గానీ, చాలావాటిలో ఫిల్టరు బానెట్ కింద సగం తెరుచుకుని ఉంటుంది. డాలస్ ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే అది పీల్చేది ఇంజిన్ వేడి. గాలి వేడెక్కితే నాకింగ్ భయానికి కంప్యూటరే స్పార్కు టైమింగ్ వెనక్కి జరుపుతుంది, ఉన్న బలమూ తగ్గుతుంది. ఈ తరం మస్టాంగ్‌కు కంపెనీ ఇచ్చిన డబ్బా ఎటూ గ్రిల్లు వెనకనుంచి బయటి గాలినే తీసుకుంటుంది. పాత కాగితం ఫిల్టరు మార్చుకుంటే చాలన్నాడాయన. పార్టు అమ్ముకోవాల్సిన మనిషి అలా అనడం నాకు ఆశ్చర్యమే.

రెండోది సైలెన్సర్ వైపు. వెనక మఫ్లర్లు మాత్రం మారిస్తే శబ్దం మారుతుంది, అంతే. క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి పైపులన్నీ మార్చే సెట్టు వెయ్యి డాలర్లు దాటుతుంది, దాంతో వచ్చే బలం చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా హైవే మీద 70 మైళ్ల వేగంలో ఒకే స్థాయిలో చెవుల్లో హోరెత్తే రకాలున్నాయి. ఆదివారం సరదాగా వింటాం, బుధవారం ఫోన్ మీటింగులో తిట్టుకుంటాం. ఇక కన్వర్టర్లే పీకేసి ఖాళీ పైపు వేయించాలన్న ఆలోచన చెప్పగానే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. అది క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద నిషిద్ధం. పైగా టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు గానీ, డాలస్, కొలిన్, డెంటన్ వంటి కౌంటీల్లో పొగ తనిఖీ అలాగే ఉంది. ఈ కాలపు కార్లకు అక్కడ పైపులో గొట్టం పెట్టరు, నేరుగా కంప్యూటర్‌నే అడుగుతారు. మన దగ్గరా సైలెన్సర్లు మార్చిన బండ్లు పట్టుకుని ఆ సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించడం చూస్తూనే ఉన్నాం. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన మూలరూపాన్ని ఇష్టారాజ్యంగా మార్చరాదని తీర్పిచ్చింది.

పెడల్ దగ్గర తగిలించే 250 డాలర్ల డబ్బా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాదం పావు వంతు నొక్కితే సగం నొక్కినట్టు కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. స్పోర్ట్ మోడ్ మీటలో ఆ పని ఉచితంగా జరుగుతుంది.

ట్యూన్ దగ్గర మాత్రం ఆయన కాస్త మెత్తబడ్డాడు. 93 ఆక్టేన్ పెట్రోలు టెక్సాస్ బంకుల్లో మామూలుగా దొరుకుతుంది. 12:1 కంప్రెషన్ ఉన్న ఆ ఇంజిన్‌కు అదొక వరం. కంప్యూటర్ రాతలు మార్చితే చక్రాల దగ్గర 15 నుంచి 20 దాకా పెరగడం తన షాపులో చూశానన్నాడు. అంతకన్నా పది స్పీడుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు నంగిగా కాకుండా టక్కున మారడమే రోజూ తెలిసే లాభమట. ఖర్చు 600 డాలర్ల చుట్టూ. అయితే రెండు షరతులు. ట్యూన్ ఎక్కించాక కంప్యూటర్‌లోని స్వయం పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి, పొగ తనిఖీకి ముందు కొన్నాళ్లు నడిపి అవి పూర్తయ్యేలా చూసుకోవాలి. వారంటీ ఇంకా మిగిలినవాళ్లయితే ఆలోచించుకోవాలి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు పెట్టారన్న ఒక్క సాకుతో వారంటీ మొత్తం కొట్టేయకూడదు, ఆ పార్టు వల్లే చెడిందని కంపెనీ చూపాలి. ట్యూన్ చేసిన ఇంజిన్ పోతే ఆ పని వాళ్లకు తేలికే.

సూపర్‌చార్జర్ ఊసు మావాడే ఎత్తి మావాడే దించాడు. కిట్టే ఏడెనిమిది వేలు.

మరి 2,500లో ఏం చేయాలి? ఆయన సుద్దముక్కతో నేలమీదే రాశాడు. ముందు టైర్లు. ఈ కారుకు కంపెనీ ఇచ్చినవి 235 మిల్లీమీటర్ల వెడల్పువి, అంత బలానికి సన్నవే. వెడల్పు పెంచాలంటే రిమ్ములూ మారాలి, బడ్జెట్ అక్కడే అయిపోతుంది. అదే సైజులో మంచి రబ్బరు వేస్తే చాలు. వేసవి టైర్లు ఇంకా బాగా పట్టుకుంటాయి కదా అని నేనడిగాను. సుమారు 5 డిగ్రీల కిందకు పోతే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, డాలస్‌లో జనవరి ఉదయాలు గడ్డకడతాయి, ఇతనికి ఉన్నది ఒక్కటే కారు అన్నాడు. కాబట్టి అన్ని రుతువులకూ పనికొచ్చే పెర్ఫార్మెన్స్ రకం. ఆ తర్వాత బ్రేకు ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేకు ఆయిలు. బ్రేకు ఆయిలు గాల్లో తేమ పీలుస్తుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తడిసినదానికి ఆ హద్దు 155కు పడిపోతుంది. పెడల్ మెత్తగా లోపలికి పోవడం అప్పుడే. రేసు ప్యాడ్లు వద్దన్నాడు. చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, సిగ్నల్ దగ్గర కీచుమంటాయి.

మూడోది నేనెప్పుడూ వినని పార్టు. ఈ తరం మస్టాంగ్‌లో వెనక సస్పెన్షన్ మొత్తం ఒక సబ్‌ఫ్రేమ్‌కు బిగించి ఉంటుంది, ఆ ఫ్రేమ్ మెత్తటి రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. గట్టిగా తొక్కగానే ఆ రబ్బరు నలిగి ఫ్రేమ్ కదులుతుంది, చక్రాలు నేలను పట్టీ వదిలీ టపటపా గెంతుతాయి. ఆ బుష్‌ల సందుల్లో బిగించే లోహపు ముక్కల సెట్టు 200 డాలర్ల లోపే. మావాడు లిఫ్టు కింద నిలబడి టార్చి వేసి చూసి, “మావయ్యా, ఇంతోటి దానికా నేను ఇంజిన్ మీద పడింది?” అన్నాడు. ఆ మాటకు నేనేమీ అనలేదు గానీ, లిఫ్టు మీటల దగ్గరున్న మెక్సికన్ మెకానిక్ భాష తెలియకపోయినా నవ్వాడు.

టైర్లు, ప్యాడ్లు, ఆయిలు, ఆ లోహపు ముక్కలు, అలైన్‌మెంట్, కూలి కలిపి బిల్లు 2,200 లోపే తేలింది. ట్యూన్ వచ్చే ఏడాదికి వాయిదా పడింది. కారు బలం ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగలేదు. తిరుగు ప్రయాణంలో హైవే మీదకు ఎక్కే వంపులో తొక్కితే మాత్రం, వచ్చేటప్పుడు తోక ఆడించి ట్రాక్షన్ దీపం వెలిగించిన బండి గీత గీసినట్టు వెళ్లింది. వాడు పెట్టిన ఖర్చుల్లో ఇదే సరైనదని నా తీర్పు.

మీ ఇంట్లో కుర్రాళ్లు ఇంజిన్ బలం పెంచాలని సరదా పడుతుంటే, అది డాలస్‌లో మస్టాంగ్ కానివ్వండి, కూకట్‌పల్లిలో హ్యాచ్‌బ్యాక్ కానివ్వండి, పైసా ఇవ్వకముందు ఒకసారి వంగి నాలుగు టైర్ల మీదున్న ఆ చివరి నాలుగు అంకెలూ చదివి రమ్మనండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.