చిల్లర నువ్వుంచుకో

మా జూలూరుపాడు వైపు మందు తేవడం పిల్లల పని. "ఒరేయ్, బెల్టుషాపుకి పోయి క్వార్టర్ పట్రా, చిల్లర నువ్వుంచుకో" అని బాబాయి వరసవాళ్లు అంటే పరిగెత్తని పోరడు ఉండడు.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. లైసెన్సున్న వైన్స్‌లో ఆ భయం కొంతైనా ఉండొచ్చు. లైసెన్సే లేని బెల్టుషాపువాడు వయసెందుకు అడుగుతాడు?

పిల్లలు తాగుతున్నారంటే పట్నం స్నేహితులు ముందు ఇప్పసారా పేరెత్తుతారు. కోయగూడేల్లో వేల్పులకి సాక పోసే సారా అది. నేను చూసినంతలో పోరగాళ్ల చేతికి ముందు అందేది సీలున్న క్వార్టరే.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 77వ సెక్షన్: 18 ఏళ్లలోపు పిల్లలకి మందు ఇస్తే 7 ఏళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. 78వ సెక్షన్: పిల్లలతో మందు మోయించినా, అమ్మించినా అంతే శిక్ష. అంటే చట్టం వేలు చూపేది పెద్దవాళ్ల వైపు. ఊళ్లో మాత్రం తాగి దొరికిన పిల్లాడికి చెంపదెబ్బ, పంపినాయనకి అరుగు మీద కుర్చీ.

తొలి గుక్క ఎప్పుడు తాగావని వాణ్ణి అడుగుతాం. తొలి సీసా నీతో ఎవరు మోయించారని అడగం.