ఇంటిపేరు 256సి

మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. యూఎస్‌బీ పరికరాలదీ అదే పద్ధతి. తగిలించగానే ప్రతి పరికరం కంప్యూటర్‌కి రెండు సంఖ్యలు చెప్పుకుంటుంది. మొదటిది తయారుచేసినవాళ్ళది, రెండోది ఆ మోడల్‌ది. వేకమ్ వాళ్ళ ఇంటిపేరు 056ఎ. డబ్బా మీద అచ్చేసిన పేరుతో డ్రైవర్‌కి పెద్దగా పనిలేదు.

పని లేకపోవడమే మంచిది కూడా. ‘వన్ బై వేకమ్’ అంటే తెర లేని పలక. 2020లో వచ్చిన ‘వేకమ్ వన్’ తెర ఉన్నది. 2013లో బాంబూ అనే చవక రకానికి ‘ఇంటువోస్’ పేరు పెట్టేశారు. అప్పటిదాకా ఆ పేరు మోసిన ఖరీదైన రకం ‘ఇంటువోస్ ప్రో’ అయింది. ఎవరైనా “నాది ఇంటువోస్” అంటే, ఏ సంవత్సరం అని అడగాలి.

లినక్స్‌లో ఈ చిక్కు విప్పడానికి లిబ్‌వేకమ్ ఉంది. ఒక్కో టాబ్లెట్‌కి ఒక్కో చిన్న ఫైలు. ఈ సంఖ్యలు కనబడితే పేరు ఇది, వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, బటన్లు ఇన్ని అని రాసి ఉంటుంది. ‘రివర్సిబుల్’ అనే మాట కూడా ఉంటుంది. అంటే పలకని అటూ ఇటూ తిప్పి వాడుకోవచ్చా, లేదా అని. ఆ మాట చాలామంది కంటికి ఆనదు. నాకు ఆనుతుంది. నాది ఎడమ చెయ్యి. కుడిచేతి వాళ్ళ కోసం బటన్లు ఎడమవైపు పెడతారు, గీసేటప్పుడు నా మణికట్టు సరిగ్గా వాటి మీద పడుతుంది.

పేరు వేకమ్‌దే అయినా ఆ జాబితాలో వేరే కంపెనీల టాబ్లెట్లూ ఉన్నాయి. అసలు తంటా అక్కడే. హుయాన్ టాబ్లెట్లు చాలావాటికి ఒకటే జంట, 256సి:006ఇ. మన ఇళ్ళలో మనవలందరికీ తాత పేరే పెట్టినట్టు. వాకిట్లోంచి “సుబ్బారావ్!” అని పిలిస్తే ముగ్గురు పలుకుతారు. ఏ సుబ్బారావు? పెద్దోడా, బుల్లోడా? డిజిమెండ్ ప్రాజెక్టు వాళ్ళు ఓపిగ్గా ఇలాంటి టాబ్లెట్ల లోపలికి వెళ్ళి, ఫర్మ్‌వేర్ చెప్పే పేరూ కొలతలూ చదివించారు. ఏది ఏదో తేలకపోతే ఒకదాని బటన్లు ఇంకోదానికి అంటగడతాం. కొలతల నిష్పత్తి తెరతో కలవకపోతే గుండ్రంగా గీసిన సున్నా కోడిగుడ్డవుతుంది.

నేను సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పలక ఇలాంటి సుబ్బారావే. క్రిటాలో గీత పడేది. కానీ సెట్టింగ్స్‌లో ఎడమచేతి మీట లేదు, ఎందుకంటే దానికి ఫైలే లేదు. పిల్లల పుస్తకానికి ఇరవైనాలుగు బొమ్మలు ఇవ్వాలి. సాయంత్రానికి మణికట్టు వాచేది.

వేరే ఊళ్ళో కూర్చున్న ప్రోగ్రామర్‌కి నా టాబ్లెట్ ఎలా ఉంటుందో తెలిసే దారి లేదు. అది ఎవరి బల్ల మీదుందో వాళ్ళే చెప్పాలి. నాకు సి భాష రాదు. స్కేలు పెట్టి కొలవడం వచ్చు, బటన్లు లెక్కపెట్టడం వచ్చు. అవే రాసి పంపాను. “ఫర్మ్‌వేర్ పేరు కూడా కావాలి” అన్నారు. తీసి ఇచ్చాను.

ఇప్పుడు ఆ ఫైలు జాబితాలో ఉంది. పద్దెనిమిది వరసలు. అందులో ‘రివర్సిబుల్’ పక్కన ‘ట్రూ’ అని ఉంది. ఇదే పలక కొన్న ఎడమచేతివాళ్ళు ఎవరైనా, అప్‌డేట్ అయ్యాక, ఆ మీట మొదట్నుంచీ అక్కడే ఉందనుకుంటారు.