సియాటిల్‌లో ఒక కిటికీ

అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాలింగ్‌ఫోర్డ్ పేటలో, 1954లో వెలసిన డిక్స్ డ్రైవ్-ఇన్ నేటికీ నడుస్తున్నది. ఆనాడు బర్గరు వెల 19 సెంట్లు. కారు నిలిపి, దిగి, కిటికీ ముందు వరుసలో నిలబడవలసిందే. లోపల కూర్చునే బల్లలు లేవు. వంటకాల జాబితా చిన్నది. ఎవరి రుచికి తగినట్లు వారికి వేరుగా వండరు. అందువల్లనే పొట్లం క్షణాలలో చేతికందుతుంది.

మా మేనల్లుని వెంట మేము వెళ్లిన రాత్రి సన్నని వాన. మా ముందు మనుమని చేయి పట్టుకొన్న వృద్ధుడు, వెనుక చిల్లర లెక్కించుకొంటున్న విద్యార్థులు. మాంసం హలాల్ కాదు గనుక మాకు దక్కినది చాక్లెట్ మిల్క్‌షేక్ మాత్రమే. (అదీ తక్కువదేమీ కాదు!)

మా చూపు కిటికీలోపలి కుర్రవానిపై నిలిచింది. పనిచేస్తూ చదువుకొనేవారికి ఆ సంస్థ ఫీజుల సాయం చేస్తుందట. ఒంటిమీద ఏప్రాన్, ముఖాన రేపటి పరీక్ష!

రాత్రి హోటళ్లలో కప్పులు కడిగి, ఉదయం మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడేవారు మన తరగతులలోనూ ఉన్నారు. హాజరుపట్టీకి ఆ సంగతి తెలియదు. కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: వారిలో ఇద్దరు ఈ ఏడు పరీక్ష ఫీజు ఇంకా కట్టలేదు.