గ్రనాడా కొండదారిలో గిటారు

స్పెయిన్ దేశపు దక్షిణ భాగాన, ఆండలూసియా సీమలో, గ్రనాడా అనే పట్టణమున్నది. అక్కడి అల్‌హంబ్రా కోటకు నడిచి వెళ్లేవారు గోమెరెజ్ అనే ఏటవాలు వీధి ఎక్కాలి. ఎక్కుతూ మేము రెండుసార్లు ఆగాము. మొదట ఆయాసంవల్ల, తరువాత ఒక చిన్న కొట్టులోనుండి ఎవరో గిటారు శ్రుతి చేస్తున్న చప్పుడు వినబడినందువల్ల. ఆ వీధిలో గిటార్లు చేసే పనివారి కొట్లున్నాయి.

మన సంఘాలలో గిటారు అనగానే యౌవనస్థుల కూడిక, చప్పట్లు గుర్తుకు వస్తాయి. పెద్దలు కొందరు దానిని ఇంకా అనుమానంగానే చూస్తారు. స్పెయిన్‌లోను ఒకప్పుడు దాని గౌరవం ఇంతకంటె ఎక్కువేమీ కాదు. మంగలి అంగళ్లలో, ద్రాక్షారసపు కొట్లలో, జిప్సీల గుహలలో మ్రోగేది గిటారు. గొప్పవారి ఇండ్లలోను కచేరీ మందిరాలలోను పెద్దపీట పియానోకే. వింత ఏమిటంటే, ఆ దేశపు సంగీతకర్తలు పియానో ముందు కూర్చున్నప్పుడు కూడ వారి చెవులలో మ్రోగింది ఈ గిటారే.

ఇసాక్ అల్బేనిజ్ (1860–1909) సంగతి చూడండి. ఆయన పియానో విద్వాంసుడు. 1890ల ఆరంభంలో ఆయన వ్రాసిన ఒక పియానో రచనలో ఒకే స్వరం విడువకుండ కొట్టుకొంటూ ఉంటుంది. దాని క్రింద ఒక చిన్న పాట తిరుగుతుంటుంది. మధ్య మధ్య పిడుగు పడినట్లు అనేక స్వరాలు ఒక్కసారిగా పడతాయి. ఇది పియానో స్వభావం కాదు. బొటనవ్రేలు మంద్రపు తీగెలపై పాట నడుపుతుండగా మిగిలిన వ్రేళ్లు వట్టి తీగె నొకదానిని మాటిమాటికి మీటడం, అంతలో గోళ్లతో తీగెలన్నిటిని ఒక్క విసురున దువ్వడం గిటారు వాయించేవారి అలవాటు. అల్బేనిజ్ ఆ చేతివాటమంతా పియానోమీదికి ఎక్కించాడు. తరువాత గిటారు విద్వాంసులు దానిని తమ వాద్యానికి మార్చుకొన్నారు. ఇప్పుడు చాలామంది అది మొదటినుండి గిటారు రచనే అనుకొంటారు! అప్పు తీరినట్లయింది. ఆయన మరణం తరువాత ప్రచురణకర్తలు దానికి "అస్తూరియస్" అని పేరు తగిలించారు. అస్తూరియస్ దేశానికి ఉత్తరాన ఉన్న వానల సీమ. ఈ పాట ఆసాంతం దక్షిణాదిది.

ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909) మాత్రం గిటారునే నమ్ముకొన్నాడు. అల్‌హంబ్రాను తలచుకొని ఆయన చేసిన రచన వింటే ఇద్దరు వాయిస్తున్నట్లుంటుంది. బొటనవ్రేలు ఒక దెబ్బ కొట్టగానే మూడు వ్రేళ్లు ఒకదాని వెంట ఒకటి ఒకే తీగెను మీటుతాయి. పాట తెగకుండ సాగుతుంది. కోటలోని నీటి కాలువల ప్రక్కన నిలిచాక అది మాకు బాగా అర్థమైంది.

ఆండలూసియా పాట మన చెవులకు అంత పరాయిది కాదు. మన తోడి రాగపు స్వరస్థానాలే అందులో తరచు వినబడతాయి. గమకం వేరు, నడక వేరు. జిప్సీల పూర్వికులు భారతదేశంనుండి వెళ్లినవారని వారి భాష సాక్ష్యమిస్తున్నది. అంతమాత్రాన తోడి కూడ వారి వెంట వెళ్లిందనడం తొందరపాటే. మానుయేల్ దె ఫాయా (1876–1946) అనే సంగీతకర్త ఈ పాటకు మూడు మూలాలు చూపించాడు: పూర్వకాలపు స్పెయిన్ సంఘం స్వీకరించిన బైజాంటైన్ ఆరాధన గానం, అరబ్బుల రాక, జిప్సీల వలస.

ఫాయా ఇల్లు కోటకు దగ్గరలోనే ఉన్నది. తెల్లని గోడలు, నీలి తలుపులు, ఇరుకైన గదులు. పెండ్లి చేసికొనలేదు, చెల్లెలితో కలిసి కాపురమున్న భక్తిపరుడు. 1939లో అర్జెంటీనాకు వెళ్లి అక్కడే కన్నుమూశాడు. ఈ ఇంటివానికి ఒక దిగులుండేది. "కాంతె హోందో", అనగా లోతైన పాట, డబ్బు కొరకు పాడేవారి చేతిలో చెడిపోయి అంతరించిపోతుందని. అందుచేత కవి లోర్కా మొదలైనవారితో కలిసి 1922 జూన్ 13, 14 రాత్రులలో కోట లోపలి ఆవరణలో పోటీ పెట్టించాడు. దియేగో బెర్ముదెజ్ అనే వృద్ధుడు, ఏండ్ల తరబడి పాడడం మానినవాడు, ప్వెంతె హెనీల్ అనే ఊరినుండి కాలినడకన వచ్చాడని చెప్పుకొంటారు. ఆయనకు బహుమానం వచ్చింది. మనోలో కారకోల్ అనే 12 ఏండ్ల బాలునికి కూడ వచ్చింది. రెండవ రాత్రి వాన కురిసినా జనం కదలలేదట.

ఇదంతా విని సంతోషించాము గాని, ఒక నిబంధన మాత్రం మాకు మ్రింగుడుపడలేదు. 21 ఏండ్లు దాటిన వృత్తి గాయకులకు ఆ పోటీలో ప్రవేశం లేదు. తరతరాలుగా ఆ పాటను మోసినవారిలో ఎందరో కూలికి పాడినవారే గదా! పాడి అన్నం తిన్నవాని నోట పాట మైలపడుతుందా? ఫాయా మనసు మంచిదే. 1914లో ఆయన ఏడు జానపద గీతాలను పియానోతో కూర్చాడు. అవి నేటికీ కచేరీలలో పాడబడుతున్నాయి. ఆయన పేరు అందరికి తెలుసు. ఆ పాటలను మొదట పాడిన తల్లుల పేర్లు, పొలం కూలీల పేర్లు ఏ కాగితంమీదా లేవు.

దిగి వచ్చేటప్పుడు ప్రొద్దున ఆగిన కొట్టులోనికి వెళ్లాము. పెద్దాయన ఒక నల్లని పలక చూపించి, ఇది మీ దేశానిదే అన్నాడు. దక్షిణ భారతపు రోజ్‌వుడ్, అనగా మన ఇరుగుడు కర్ర. కచేరీ గిటారుకు వీపు, ప్రక్కలు దానితో చేస్తారట. మరొకటి పాలిపోయిన పసుపు రంగు సైప్రస్ పలక. అది ఆ దేశపు చెట్టే. పూర్వం చవకగా దొరికేది గనుక జిప్సీల గిటార్లు దానితోనే చేసేవారట. రెంటిని వ్రేలితో తట్టి మాకు వినిపించాడు. ఇరుగుడు గంటవలె కొంతసేపు మ్రోగింది. సైప్రస్ టక్కున పలికి ఆగిపోయింది. మా ఇంటావిడ ఆ రెండవదానినే మరల తట్టమని సైగ చేసింది.